ఉర్కుడే సారు నోటుబుక్కు

మా భాషల ఉరుకుడే అంటే పరుగే.
సారు ఇంటిపేరు అదే.
సిరోంచ దవాఖాన గోడ మీద
మరాఠీ అక్షరాలు కూడవలుక్కొని
మనుమడు "డాక్టర్ ఉర్కుడే" అని చదివితే
నవ్వొచ్చింది నాకు.
ఇగ ఈయన గూడ ఉరుకుడేనా అనుకున్న.

ఉరికినోళ్లను మస్తుమందిని సూసిన.
ప్రాణహిత వంతెన దాటి మంచిర్యాలకు పోతే
నా మొకం సూడకుంటనే మందులు రాసి
గంట కొట్టిండు ఒకాయన.
చంద్రాపూర్‌కు ఎర్రబస్సుల దినమంత పోతే
రిపోర్టుల ఏం లేదు బాయీ,
అంత నీ మనసుల ఉన్నది అన్నరు.
మనసుల ఉంటే
పొద్దుగాల జాకెట్టు గుండీ ఎందుకు పడది?
పిడికిలి ఎందుకు మూసుకోదు?
మా ఆయన గూడ, పాపం, రెండేండ్లు నమ్మి
మూడో ఏడు నమ్ముడు బంద్ పెట్టిండు.
మిరప చేన్లకు కూలికి పోనిదాని నొప్పిని
ఎవ్వలైనా ఎన్నొద్దులు నమ్ముతరు?

ఉర్కుడే సారు కుర్సీ ముందలికి జరుపుకున్నడు.
"కస దుఖ్తే?" అన్నడు.
నాది బజారు మరాఠీ.
బియ్యం, ఉప్పు, ఎంతకు, తగ్గియ్యి.
నొప్పికి అందుల ఒక్కటే మాట తెలుసు నాకు.
ఇన్నేండ్ల సంది అన్ని దవాఖానలల్ల అదే చెప్పిన.
దుఖ్తే. దుఖ్తే.
ఒక్క మాటకు ఒక్క గోళి.

"తెలుగులనే చెప్పు బాయీ."

అప్పుడు ఇప్పిన మూట.
మణికట్టుల సలుపుతది సారూ.
మోకాలు గుంజుతది.
కూసుండి లేస్తే నడుముల కలుక్కుమంటది.
వేళ్లు మొద్దువారుతయి కట్టెపుల్లల తీరు.
నడిరాత్రి మంట, ఒకటే మంట,
తడిబట్ట సుట్టుకొని పంట.
మబ్బు పట్టకముందే పెయ్యంత తీపులు.

ఆయన ఉరకలే.
బయట లైను పెరుగుతనే ఉన్నది.
నర్సమ్మ నడుమ నిలవడి తిప్పి చెప్తుంటే
జేబుల నుంచి చిన్న నోటుబుక్కు తీసి
ఒక్కొక్క మాట రాసుకున్నడు.
"సలుపుడు, గుంజుడు వేరువేరా?"
వేరే సారూ.
సలుపుడు లోపట కూసుండి తలుపు తట్టుతది,
గుంజుడు బయటికెల్లి ఎవ్వలో తాడేసినట్టు.
తల ఊపిండు.
నా వేళ్ల కణుపులు ఒక్కొక్కటే ఒత్తి సూసిండు,
పండుకొచ్చిన కాయను సూసినట్టు మెల్లగ.
"పొద్దుగాల ఎంతసేపు మొద్దు?"
ఎసరు మరిగి అన్నం దిగేదాంక.
అదీ రాసుకున్నడు.

నిజం చెప్పాలె. నొప్పి పోలే.
పోదని ఆయనే చెప్పిండు, కండ్లల్లకు సూసి.
దాని పేరు గూడ చెప్పిండు.
పేరున్న నొప్పి ఇంట్ల మనిషి లెక్క,
కోపమొస్తే తిట్టొచ్చు.
సోమారం సోమారం గోళీలు.
గోళీలు అయిపోతే గడ్చిరోలికి ఆయనే ఫోన్ల మీద ఫోన్లు.
మా ఆయనను పిలిపించి కూసుండవెట్టి
ఏం చెప్పిండో తెల్వదు గని,
తెల్లారి సంది బోరింగు కాడ బిందెలు మోసేది మా ఆయనే.

ఈయేడు మిరపకాయకు తొడిమలు తీసిన.
చేనంతదానికి గాదు, రెండు కిలోలకు.
ఈ చేతులతోనే.
దంచిపిచ్చి, జల్లి పట్టి,
స్టీలు డబ్బల పోసి పట్కపోయిన.
"నాకు ఎసిడిటీ" అన్నడు సారు, చెయ్యి అడ్డం పెట్టి.
నీ బుక్కుల మంట అని రాసుకున్నవు గద,
అర్థం తెచ్చిన, ఉంచుకో అన్న.
నర్సమ్మ ఫక్కున నవ్వింది.
డబ్బ తీసుకున్నడు.

వచ్చేటప్పుడు ఏమనాలెనో తెల్వలే.
ధన్యవాదం మీటింగుల మాట,
వాళ్లకూ అంతే, మాకూ అంతే,
దండలేసినంక మైకు ముందట అనేది.
మా అమ్మ నోట్లె ఎప్పుడూ ఉండే దీవెన ఒకటున్నది.
తలుపు కాడ మర్రి సూసి అదే అన్న.
సల్లగుండు సారూ.

ఉర్కుడే సారు నోటుబుక్కు తీసిండు.
పెన్ను టోపీ ఇప్పి అడిగిండు:
"సల్ల... ఇది యాడ నొస్తది?"